మాకు నిధులు వద్దు, తాళంచెవి ఇప్పించండి

జిల్లా గ్రంథాలయ సంస్థ, పాఠశాల విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా శాఖా గ్రంథాలయం గదిని మా ఆలోచనల క్లబ్బుకు మళ్లీ ఇప్పించమని మీకు మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు వచ్చింది. రెండోదానికి 'పరిశీలనలో ఉంది' అని ఫోనుకు సందేశం వచ్చింది. మూడోది సోమవారం అర్జీల రోజున స్వయంగా తెచ్చి ఇస్తే, ఒక అధికారి మర్యాదగా కూర్చోబెట్టి, పూర్తిగా చదివి, ఒక్క ప్రశ్న అడిగారు: "అమ్మా, ఇది ఏ పరీక్షకు పనికొస్తుంది?" నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఏడాది దాటినా గది తలుపు తెరుచుకోలేదు కనుక ఆ జవాబు ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

జరిగింది ఇది. 2022 ఆగస్టులో మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో, కొత్తగా ఆలోచించడాన్ని సాధన చేసే ఒక చిన్న క్లబ్బు మొదలుపెట్టాం. నెలకు రెండు ఆదివారాలు, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా. ఆ వేళే ఎందుకంటే, ఉదయం పాఠకుల సమయం పదకొండుకు ముగుస్తుంది, మళ్లీ సాయంత్రం గాని తలుపు తీయరు. మధ్యలో ఆ గది, బల్లలు, ఫ్యాన్లు ఊరికే పడి ఉంటాయి. అప్పటి గ్రంథాలయాధికారి "నేను క్యారేజీ తెచ్చుకుని ఇక్కడే తింటాను, మీరు కూర్చోండి" అన్నారు. ఆ నోటిమాట మీద ఇరవై ఆరు నెలలు నడిచింది. నా చిట్టా పుస్తకంలో 47 సమావేశాల లెక్క ఉంది. 2024 అక్టోబరులో ఆయనకు బదిలీ అయింది. తరువాత వచ్చినవారు రాతపూర్వక అనుమతి కావాలన్నారు. వారి తప్పేమీ లేదు. బీరువాలోంచి ఒక పుస్తకం పోతే సంజాయిషీ చెప్పుకోవలసింది వారే కదా. అయితే ఆ అనుమతి ఎవరు ఇవ్వాలన్నదే నేటికీ తేలలేదు. పిల్లలు వస్తున్నారు కనుక విద్యాశాఖను అడగమని గ్రంథాలయ సంస్థ అంటుంది. గది గ్రంథాలయానిది కనుక సంస్థనే అడగమని విద్యాశాఖ అంటుంది.

క్లబ్బు అంటే పేకాట గుర్తొచ్చే ఊరు మాది. మొదటి వారం ఒక తండ్రి కిటికీలోంచి చాలాసేపు చూసి వెళ్లాడు. మీరూ చూడలేదు కనుక అక్కడ ఏం చేసేవాళ్లమో కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి రోజు బల్ల మీద ఒక ఇటుక పెట్టాను. దీనితో గోడ కట్టడం కాక ఇంకేం చేయవచ్చో ఐదు నిమిషాల్లో ఎన్ని తోస్తే అన్ని రాయమన్నాను. ఇది నా సొంత తెలివి కాదు. గిల్‌ఫర్డ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చిన పరీక్ష. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అబ్బాయి నాలుగు రాశాడు. మనుమరాలికి తోడుగా వచ్చి మూల కూర్చున్న ఒక అవ్వకు రాయడం రాదు, వేళ్లు మడుస్తూ చెప్పింది. వానాకాలం గుమ్మం ముందు అడుగు వేయడానికి, పొయ్యి పెట్టడానికి, పొడి కొట్టి ఇత్తడి చెంబులు తోమడానికి, వేడి చేసి గుడ్డలో చుట్టి మోకాళ్లకు కాపడం పెట్టుకోవడానికి, రేషన్ షాపు ముందు వరుసలో మన వంతుకు గుర్తుగా పెట్టి నీడన కూర్చోవడానికి. ఆమె తొమ్మిదో వేలు మడిచేసరికి గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ రోజు నుంచి ఊళ్లో మమ్మల్ని 'ఇటుకల బ్యాచ్' అన్నారు. మేమేమీ అనుకోలేదు.

తరువాత వారాల్లో అవధానాన్ని బల్ల మీదికి తెచ్చాం. అష్టావధానాన్ని మనం పాండిత్యానికి, జ్ఞాపకశక్తికి పరీక్షగా చూసి చప్పట్లు కొడతాం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చూపించిన విద్యలో ఇంకో సంగతి ఉంది. అడ్డంకి పెడితే బుద్ధి పదునెక్కుతుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరం వద్దంటాడు, దత్తపదిలో పొంతన లేని మాటలు ఇచ్చి పద్యంలో ఇరికించమంటాడు, సమస్యాపూరణంలో అర్థం లేనట్టు కనబడే పాదం ఇచ్చి దానికి అర్థం పుట్టించమంటాడు. ఎడ్వర్డ్ డి బోనో అనే మాల్టా వైద్యుడు 1967లో 'లేటరల్ థింకింగ్' అనే మాట తెచ్చి, సంబంధం లేని ఒక మాటను పట్టుకుని సమస్యలోకి కొత్త దారి వెతకమన్నాడు. మన దత్తపదికి అది దూరపు చుట్టం. మా పిల్లలకు ఛందస్సు రాదు కనుక వచనంలోనే చేయించాం. బస్సు గురించి చెప్పాలి, కానీ చక్రం, డ్రైవరు, టికెట్టు, రోడ్డు అనే మాటలు నిషిద్ధం. గడియారం, అప్పడం, పిల్లి, కరెంటు బిల్లు నాలుగూ వచ్చేలా ఒక చిన్న కథ అల్లాలి.

ఒకసారి నేనిచ్చిన సమస్య: "తాళం పోయినందుకు ఇంటాయన మిఠాయి పంచాడు." ఎలా సాధ్యం? లోపల చిక్కుకుపోయిన పిల్లవాణ్ని తలుపు పగలగొట్టి బయటకు తీశారని ఒకరు, సంగీతం రాని అల్లుడికి తాళం పోయిందని ఒకరు చెప్పారు. అందరం నవ్వాం. చివరికి తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "బ్యాంకు వాళ్లు జప్తు చేసి వేసిన తాళమండీ. అప్పు తీరింది, తీసేశారు" అంది. గది నిశ్శబ్దమైంది. ఆ అమ్మాయి ఇంటి సంగతి మాలో కొందరికి తెలుసు.

ఇంకొక సాధన గురించి చెప్పాలి, ఊరికి అదే ఎక్కువ ఉపయోగపడింది కనుక. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. డి బోనో పద్ధతిలో మేలు, కీడుతో పాటు మూడో గడి ఒకటి ఉంటుంది: మంచీ కాదు, చెడ్డా కాదు, 'ఇది చూడదగ్గది' అనిపించే సంగతులు. మేము దానికి 'వింత' అని పేరు పెట్టుకున్నాం. మా వారపు సంతను ఊరి బయటికి మార్చాలన్న మాట వచ్చినప్పుడు ఊరు రెండుగా చీలి అరుచుకుంది. మా గదిలో రెండు వర్గాల పిల్లలూ ఒకే కాగితం మీద మూడు గడులు నింపారు. వింత గడిలో ఒక కుర్రవాడు, "సంత రోజున బడి ఎగ్గొట్టేవాళ్లు తగ్గుతారా, పెరుగుతారా?" అని రాశాడు. అంతదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. సంత ఎక్కడికీ కదలలేదు గాని, ఆ పిల్లల మధ్య అరుపులు ఆగాయి.

మొదలుపెట్టడం ఎవరైనా చేస్తారు, నిలబెట్టడమే కష్టం. మా వైపు తప్పులూ దాచను. తొలి సమావేశానికి ఇరవై ముగ్గురు వచ్చారు, నాలుగోదానికి ఐదుగురు మిగిలారు. కారణం నేనే. పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోక, ఎవరేం చెప్పినా వెంటనే "కాదు, అలా కుదరదు" అంటూ వచ్చాను. నోరు విప్పిన ప్రతివాడికీ మార్కులు వేస్తే రెండోసారి ఎవరు విప్పుతారు? ఆలోచనలు పోగయ్యేదాకా మంచిచెడ్డల తీర్పు ఆపమని, నలుగురూ కూర్చుని ఆలోచనలు పోగుచేసే బ్రెయిన్‌స్టార్మింగ్‌ పద్ధతికి ఆద్యుడైన అలెక్స్ ఆస్‌బర్న్ ఎప్పుడో చెప్పాడు. నాకు తెలిసీ పాటించలేదు. ఐదో సమావేశం నుంచి అరగంట గడిచేదాకా 'కాదు' అన్నవారు రూపాయి డబ్బాలో వేయాలని పెట్టాం. మొదటి నెల డబ్బాలో ఎక్కువ రూపాయలు నావే.

అందరూ ఒకేసారి మాట్లాడితే ఇద్దరే మాట్లాడతారని కూడా తెలిసింది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనలో, గుంపుగా కూర్చుని చెప్పినవారి కంటే అంతేమంది విడివిడిగా రాసి కలిపినవే ఎక్కువ ఆలోచనలని తేలింది. అందుకే ముందు ఐదు నిమిషాలు మౌనంగా రాత, ఆ తరువాతే మాట. గోల అవుతుందని మీ కార్యాలయం అభ్యంతరం చెప్పింది. మా గంటన్నరలో మంచి భాగం నిశ్శబ్దమే అని మనవి.

మిగిలినవి చిన్న చిన్న కట్టుబాట్లు. ముగ్గురే వచ్చినా సమావేశం జరగాలి. నిర్వహణ ప్రతిసారీ చేతులు మారాలి, నేను లేకపోయినా ఆగకూడదు. ఏం జరిగిందో చిట్టాలో అరపేజీ రాయాలి. ముఖ్య అతిథి, శాలువా, ధ్రువపత్రం, ఫొటో వద్దు. ఒక పక్క అచ్చయిన పాత కాగితాలు, సుద్దముక్కలు, మరమరాలు కలిపి ఏ నెలా మూడు వందలు దాటలేదు, అదీ మేమే వేసుకున్నాం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న మాకు ఒక్కటి తోచలేదు. ఒక మంచి మనిషి నోటిమాట మీద నడిచేది ఆయన బదిలీతో ఆగిపోతుందని. సృజనాత్మకత సాధన చేశామని చెప్పుకునే వాళ్లకు అది తోచకపోవడం సిగ్గుచేటే, ఒప్పుకుంటున్నాను.

గది మూతపడినందువల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో చెబుతాను.

1. ముందు నష్టపోయింది ఆడపిల్లలు. ఆదివారం మగపిల్లలకు మైదానం ఉంది, సెంటర్లో టీ దుకాణం ఉంది. ఆడపిల్లకు 'గ్రంథాలయానికి వెళ్తున్నాను' అన్న ఒక్క మాటే గడప దాటించేది. మా ఇంటి వరండాలో కూర్చుందామని ప్రయత్నించాం. పదకొండు మంది అమ్మాయిల్లో ఇద్దరే రాగలిగారు. "పంతులమ్మ ఇంట్లో మీకేం పని?" అన్నారట. నేను తప్పుపట్టలేను. ప్రభుత్వ భవనానికి ఉన్న నమ్మకం నా వరండాకు లేదు. తాళం గురించి జవాబు చెప్పిన అమ్మాయి ఆ ఇద్దరిలో లేదు.

2. బడితో సంబంధం లేనివారు. మా దగ్గరికి ఒక టైలరు, ఒక ఎలక్ట్రీషియను, పొదుపు సంఘంలో కారప్పొడులు చేసి అమ్మే ఇద్దరు మహిళలు వచ్చేవారు. క్లబ్బును పాఠశాలకు మార్చుకోమని మీలో కొందరు సలహా ఇచ్చారు. ఆదివారం పాఠశాల తెరవడానికి ప్రధానోపాధ్యాయులకూ ఇదే బాధ్యతల చిక్కు ఉంది. అది అలా ఉంచినా, ఎనిమిదో తరగతిలో బడి మానేసిన టైలరు మళ్లీ ఆ గేటు దాటి బెంచీ మీద కూర్చోడు. ఇలాంటి వారి ఆలోచనకు విలువేమిటంటారా? యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి మధ్యలో మానేసిన చేనేత కుటుంబపు కుర్రవాడు. ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పడానికి, తల్లి చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగడం చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టి 1999కి పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లలో నెలకు రెండుసార్లు వెళ్లి 'ఇక్కడ ఆగిపోయింది, మీకేమైనా తోస్తుందా?' అని నలుగురిని అడగడానికి ఒక గది ఉండి ఉంటే ఎన్నేళ్లు తగ్గేవో!

3. బడిపిల్లల నుంచి కొత్త ఆలోచనలు కోరే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఒక్కో పాఠశాల నుంచి ఐదు ఆలోచనలు పంపవచ్చు, ఎంపికైన విద్యార్థికి పది వేల రూపాయలు ఇస్తారు. మంచి పథకమే. గడువు రేపనగా పిల్లలను పిలిచి 'ఏదైనా ఆలోచన చెప్పండర్రా' అంటే ఏం చెబుతారు? గడువుకు ముందు రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడివో ఏరుకొచ్చిన ఉపాధ్యాయులలో నేనూ ఒకదాన్ని. ఏడాది పొడుగునా సాధన లేకుండా ఆలోచనలు రావు.

4. మా ప్రాంతంలో ఒక పాఠశాలకు అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు పరికరాలతో సొంతంగా ప్రయోగాలు చేసే గది, వచ్చింది. 2016లో మొదలైన ఆ పథకంలో ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నేను చూసిన ఆ ఒక్క గదిలో త్రీడీ ప్రింటరుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పలేదు. పాడైతే ఎవరు కట్టాలన్న భయం. పరికరాలున్న గదికి ఆలోచించే అలవాటు లేదు, అలవాటున్న మాకు గది లేదు. రెండింటికీ తాళమే అడ్డం.

ఇక పరీక్ష సంగతి. పదిహేనేళ్ల పిల్లల సామర్థ్యాన్ని కొలిచే పీసా అంతర్జాతీయ పరీక్ష 2022లో తొలిసారి సృజనాత్మక ఆలోచననూ కొలిచింది. 2024 జూన్‌లో ఫలితాలు వచ్చాయి. 60కి సింగపూర్ సగటు 41, ఆ పరీక్ష నిర్వహించే ఓఈసీడీ కూటమి దేశాల సగటు 33. మన దేశం ఆ పరీక్షలో పాల్గొనలేదు కనుక మన పిల్లలు ఎక్కడున్నారో ఆ పట్టిక చెప్పదు. "ఏ పరీక్షకు పనికొస్తుంది?" అన్న అధికారిగారికి ఇది ఒక జవాబు. కానీ నా మనసులో ఉన్న జవాబు ఇది కాదు. తాళం పోయినందుకు మిఠాయి ఎందుకు పంచుతారో చెప్పిన పిల్లకు మార్కులు వేసే పరీక్ష ఏదీ లేదు. లేదు కనుకే ఒక గది అడుగుతున్నాను.

ఇంకో మాట. ఇది దయాధర్మంగా అడగడం లేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మేమంతా కడుతున్నాం. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభకు పూనుకున్న అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం, పుస్తకాలను పడవల్లో ఊళ్లకు తీసుకెళ్లిన తరం, గ్రంథాలయమంటే పోటీ పరీక్షల పుస్తకాల గిడ్డంగి అనుకోలేదు. నిరుద్యోగ యువత చదువుకునే బల్లలు మేము లాక్కోవడం లేదు. వారు లేచి వెళ్లాక ఖాళీగా ఉండే వేళే అడుగుతున్నాం.

మేము కోరేవి:

1. శాఖా గ్రంథాలయాల గదులను పాఠకుల సమయం కాని వేళల్లో స్థానిక అభ్యాస బృందాలకు ఉచితంగా ఇవ్వడానికి జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక పేజీ ఉత్తర్వు జారీ చేయాలి. మా ఒక్కరికే కాదు. చదరంగం నేర్పేవారు అడిగినా, పద్యాలు చదివేవారు అడిగినా వర్తించాలి. అనుమతి మనిషి మీద కాక కాగితం మీద ఉండాలి, బదిలీలతో ఎగిరిపోకూడదు.

2. నష్టం జరిగితే బాధ్యత మాది. ఇద్దరు స్థానికులు సంతకం చేస్తారు, కావాలంటే ధరావతు కడతాం. గ్రంథాలయ సిబ్బందిని ఈ భయం నుంచి తప్పించండి.

3. ఆ గంటన్నర అదనంగా ఉండే సిబ్బందికి దానికి బదులు సెలవు లెక్కకట్టి ఇవ్వాలి. మొదటి గ్రంథాలయాధికారి రెండేళ్లకు పైగా చల్లారిన క్యారేజీ తిన్నారు. మరొకరి నుంచి అలాంటి త్యాగం ఆశించడం న్యాయం కాదు.

4. విద్యాశాఖ వారికి ప్రత్యేక మనవి: దయచేసి ఈ లేఖ చదివి 'ప్రతి పాఠశాలలోనూ ఆలోచనా క్లబ్బు పెట్టి, ఫొటోలు తీసి, శనివారంలోగా నివేదిక పంపండి' అని ఉత్తర్వు ఇవ్వకండి. ఇష్టమున్న ఉపాధ్యాయులు ముందుకొస్తే అడ్డుపడకుండా ఉంటే చాలు. టింకరింగ్ ల్యాబులను మాత్రం నెలకు ఒక ఆదివారం ఊరివారికి తెరిపించండి. పరికరం వాడుతుండగా పాడైతే ఉపాధ్యాయుడి మీద వసూళ్లు ఉండవని రాసివ్వండి.

5. ఒప్పుకున్నా, కాదన్నా, ముప్పై రోజుల్లో కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పండి. కాదంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా అందులోనే రాయండి. రెండు కార్యాలయాల మధ్య తిరగడానికి నా మోకాళ్లు సహకరించడం లేదు, అవ్వ చెప్పిన ఇటుక కాపడం పెట్టుకుంటున్నాను.

వచ్చే నెల నాలుగో ఆదివారం పదకొండున్నరకు మా శాఖా గ్రంథాలయం మెట్ల మీద కూర్చుంటాం. నినాదాలు, బ్యానర్లు ఉండవు, ఎవరి దారికీ అడ్డం రాము. ఉత్తర్వు ఆలోగా వస్తే లోపలే కూర్చుంటాం. మీలో ఎవరు వచ్చినా సంతోషం. ముఖ్య అతిథిగా కాదు, పెన్ను తెచ్చుకోండి. ఆ రోజుకు పిల్లలు ఇచ్చిన దత్తపది: అర్జీ, గొడుగు, కందిపచ్చడి, తాళంచెవి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు